ఏ అలమారో చెప్పండి

మా గ్రంథాలయం పెద్దాసుపత్రి మెట్ల కింద.
పక్కన ఎక్స్‌రే గది, ఎదురుగా నీళ్ల కూలరు.
పద్దెనిమిదేళ్లుగా అక్కడే నా కుర్చీ.

గోడ మీద, కూర్చున్న మనిషి తలెత్తులో,
నూనె మరకలు కొన్ని:
రాత్రి డ్యూటీ దిగిన పిల్ల డాక్టర్లు
పుస్తకం ఒళ్లో తెరిచిపెట్టుకుని
జారబడి నిద్రపోయిన చోట్లు.
సున్నం వెయ్యడానికి వస్తే
ఆ మేరకు వదిలెయ్యమన్నాను.
మేస్త్రి నవ్వాడు.

తర్వాత పుస్తకాలు కంప్యూటర్లోకి వెళ్లాయి.
వెళ్లాయంటే, మా గోడల లోపలికే.
ఆసుపత్రి తీగ పట్టుకున్న వాళ్లకే తెరుచుకునే తలుపది.
గేటు దాటి టీ కొట్టు దాకా వస్తే చాలు,
మీరెవరు? అంటుంది.
వంశధార అవతల ఊళ్లుంటాయని దానికి తెలీదు.

ఆ సంగతి తెలిసి కూడా
పోయిన భాద్రపదంలో, రాత్రి పదకొండింటికి
డాక్టర్ ఆరిక సుభాషిణి ఫోన్ చేసింది.
సోంపేట డయాలసిస్ వార్డు. వెనక మిషన్ల కూత.
"దున్న కామేసు అని, యాభై రెండు.
జ్వరానికి సూదిమందు మొదలెట్టి మూడ్రోజులు.
పొద్దుటి నుంచి మాట అతకడం లేదు.
పడవ తియ్యి, పడవ తియ్యి అంటున్నాడు పెళ్లాన్ని పట్టుకుని.
జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే మనిషి, పాపం,
గాలి సోకిందంటోంది.
నాకు మందు మీద అనుమానం. చూడగలరా?"

వెనకనించి ఆవిడ గొంతు:
"సముద్రం మానీసి పదేళ్లయిపోనాది డాట్టరమ్మా,
ఏ పడవ తియ్యాల నాను?"

నేను డాక్టర్ని కాను.
నాకు రోగం తెలీదు,
రోగం ఎక్కడ రాసుందో తెలుసు.

మా ఆయన గొణుక్కుంటూ స్కూటర్ తీశాడు.
ఏడురోడ్ల జంక్షన్లో ఏడు దారులూ ఖాళీ.
వాచ్‌మన్ పోలినాయుడు తాళం తీస్తూ
"ఎవులమ్మా పోనారు?" అన్నాడు.
పుస్తకం పని అంటే నమ్మలేదు.

మూడొందల పన్నెండు వ్యాసాలు.
చేటలో బియ్యం చెరిగినట్టు చెరిగాను.
నాలుగు మిగిలాయి.
ఒకదాంట్లో ఎక్కడో మంచు దేశపు ముసలావిడ,
కిడ్నీలు పోయిన మనిషి, అదే మందు,
లేని పిల్లిని పాలకి పిలుస్తోందని రాసుంది.

పంపితే వెళ్లలేదు.
అటుపక్క సిగ్నల్ గుండ్రంగా తిరుగుతోందట.
సరే, ఫోన్లోనే చదివాను.
అంకెలు రెండేసిసార్లు.
'కావచ్చు' అని ఉన్నచోట
'కావచ్చు' అనే చదివాను, గొంతు పెంచకుండా.
అవతల కాగితం మీద పెన్ను చప్పుడు.

తెల్లారి మందు మార్చారని తెలిసింది.
ఇంకో విడత మిషనెక్కించారని కూడా.
అంతే, తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు.
ఆసుపత్రుల్లో మంచి కబురుకి తీరిక ఉండదు.
చెడ్డ కబురుకీ ఉండదు. అదే భయం.

సూపరింటెండెంటుగారికి తొమ్మిది ఉత్తరాలు పెట్టాను.
ఎనిమిదింటిలో నిబంధనలు రాశాను.
తొమ్మిదోదాంట్లో పడవ సంగతి రాశాను.
సంతకం వచ్చింది.

ఇప్పుడు తాళంచెవి ప్రతి డాక్టరు జేబులోనూ ఉంది.
ఇక నాతో పనేముంది అనుకుని
కుర్చీ తుడిచి గోడకి జరిపాను.
వారం తిరగలేదు. మందస కొండల నుంచి ఒక కుర్రాడు:
"తలుపు తెరుచుకుంది మేడమ్,
లోపల మరీ పెద్దగా ఉంది.
ఏ అలమారో చెప్పండి."

అప్పటినుంచి నా గ్రంథాలయం
రైతుబజార్లో ఆనపకాయ తూయిస్తుంటే మోగుతుంది,
పెళ్లి భోజనాల్లో ఎంగిలి చేత్తో మోగుతుంది.

పాత రిజిస్టరు మాత్రం మానలేదు.
తీసుకున్నవారు: సుభాషిణి.
పుస్తకం: నాలుగు పేజీలు, నోటితో.
తిరిగి ఇచ్చిన తేదీ గడి
చాన్నాళ్లు ఖాళీగానే ఉంది.

మొన్న సోంపేట బస్సు కండక్టరు
ఒక గుడ్డసంచి ఇచ్చి వెళ్లాడు.
అరకిలో జీడిపప్పు. చీటీ లేదు, పేరు లేదు.
సంచి మూతి ముడి దగ్గర
నల్లగా,
అయిదు వేళ్ల మరకలు.